ఆండర్స్ ఎక్కని మేడ

హంసిక ఐయోవాకి వచ్చింది పాత కట్టడాల సంరక్షణలో మాస్టర్స్ చేయడానికి. రెండో ఏడాది ప్రొఫెసర్ ఆమెకి మొక్కజొన్న చేల నడుమ ఉన్న ఓ పాత డేనిష్ లోగిలిని అప్పగించాడు. కొలతలు తీసి, చరిత్ర రాసి, కౌంటీ కమిటీకి రిపోర్ట్ ఇవ్వాలి. చారిత్రక కట్టడమని కమిటీ ఒప్పుకుంటే దాన్నెవరూ పడగొట్టలేరు. ఒప్పుకోకపోతే, అందులో సగం వాటా ఉన్న ఎల్సే తమ్ముడి కొడుకు కోర్టుకెక్కి మొత్తాన్నీ పందుల ఫారం వాళ్లకి అమ్మించేస్తాడు. మిగతా సగం ఎల్సేది. ఎనభై దాటిన ఎల్సే అక్కడే పుట్టి, అక్కడే ఒంటరిగా మిగిలిపోయింది.

కోతలైపోయిన చేల మీద సన్నటి జల్లు పడుతుండగా హంసిక మొదటిసారి ఆ ముంగిట్లో కారు ఆపింది. మన మండువా ఇంటిని పదింతలు చేసి, మధ్యలో బళ్లు తిరిగేంత చోటు వదిలినట్టుంది. మూడు వైపులా పశువుల కొట్టం, గుర్రపుసాల, నూర్పిళ్ల కొట్టం. నాలుగో వైపు సున్నం వేసిన తెల్లటి మేడ. దాని పక్కగోడలు మెట్లు మెట్లుగా పైకి లేచి, ఎర్ర పెంకుల కప్పుని దాటిపోయాయి. ముందు గోడకి రెండు వరసల కిటికీలు.

పశువుల కొట్టం చూసి హంసిక ముచ్చటపడిపోయింది. మేత వేసే గాడి ఎత్తు, పేడనీళ్లు పోయే కాలువ వాలు, అన్నీ డెన్మార్క్ జమీందారీ కమతాల నమూనాల్లో చూసినట్టే ఉన్నాయి. మేడలోకి వెళ్తే మాత్రం ఓ వంటిల్లు, రెండు ఇరుకు గదులు. పైకి మెట్లే లేవు. నిచ్చెన వేసుకుని ఎక్కి చూస్తే దూలాలు, పావురాలు. పై వరస కిటికీల్లోంచి వచ్చిన వెలుగు పడ్డానికి నేలే లేదు.

"పై అంతస్తు కాలిపోయిందా?" అని అడిగింది దిగి వచ్చి.

"అసలు కట్టలేదమ్మాయ్," అంది ఎల్సే. "మా తాత ఆండర్స్ డెన్మార్క్‌లో ఓ దొరగారి కమతంలో పాలేరు కొడుకు. పాలేళ్లకి పెద్దింటి గడప దాటే హక్కు లేదు. బయట నుంచి చూసిందంతా చూసినట్టు ఇక్కడ కట్టాడు. లోపల ఏముంటుందో ఆయనకి తెలీదు."

"ఊహించి కట్టొచ్చుగా?"

"మా నాన్నా అదే అడిగాడట. తెలియంది ఎలా కడతాన్రా అన్నాడట."

 ఈ కట్టడం గొప్పతనమంతా ఇదే అనుకుంది హంసిక. ఉన్నదున్నట్టు రాసి పంపింది.

మీటింగ్‌కి హంసిక ఎల్సేని వెంటబెట్టుకు వెళ్లింది. కమిటీ పెద్దమనిషి ఆ రిపోర్ట్‌లోంచి ఒకే ఒక్క పేరా పైకి చదివాడు. పై అంతస్తు లేదు, లోపలి అమరిక డేనిష్ పద్ధతి కాదు. "అంటే ఇది నకలు. అదీ సగం నకలు," అన్నాడు. హంసిక లేచి నిలబడింది. మాట్లాడే సమయం అయిపోయిందన్నారు. ఓటింగ్‌లో అనుకూలంగా ఒక్క చెయ్యి కూడా లేవలేదు.

తిరిగి వస్తుంటే కార్లో ఎల్సే, "ఆ పేరా రాయకుండా ఉండాల్సింది," అంది. ఆ తర్వాత, "ఇంతకీ అక్కడ దొరల మేడ మీద ఏం గదులుండేవి?" అని అడిగింది.

హంసిక తను చదివిందంతా చెప్పింది. విందుల హాలు, అద్దాల గది, ఆడవాళ్లు కూర్చునే చోటు, రంగులద్దిన సీలింగులు.

"చాల్లే," అంది ఎల్సే, కిటికీ వైపు తిరిగి.

రూమ్మేట్ కావ్యశ్రీ ఓదార్చింది. "నిజమే రాశావు కదే! నీ తప్పేముంది? చదువయ్యాక ఓపీటీలో మూణ్నెల్లలోగా పని దొరక్కపోతే ఇంటికెళ్లిపోవాలి, ముందు జాబ్‌కి అప్లై చెయ్." హంసిక తల ఊపింది. 

మంచు కరిగాక పడగొట్టారు. ఎల్సే అప్పటికే వృద్ధాశ్రమంలో ఉంది. హంసిక ఒక్కతే వెళ్లి రోడ్డు మీద నిలబడింది. వెనక ఆనుకునేది ఏమీ లేక మేడ ముందు గోడ ఒక్క తోపుకి కిటికీలతో సహా కూలింది. పశువుల కొట్టం మాత్రం ఒక పట్టాన పడలేదు. మిషన్ నడిపేవాడు విసుక్కుంటూ కిందికి దిగి సిగరెట్ వెలిగించుకున్నాడు.

వేసవిలో హంసికకి టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉద్యోగం దొరికింది, షాపింగ్ సెంటర్ల ప్లాన్లు గీసే కంపెనీలో. అప్పుడప్పుడు ఆశ్రమానికి ఫోన్ చేసేది. ఎల్సే లైన్‌లోకి వచ్చేది కాదు. ఓ లంచ్ బ్రేక్‌లో చేస్తే, ఆవిడ పోయి వారమైందని చెప్పారు. హంసిక ఎండలో మండుతున్న కారులో అలాగే కూర్చుండిపోయింది. మీటింగ్‌కి రమ్మని ఆఫీస్ నుంచి కాల్ వస్తే, ముఖం తుడుచుకుని లోపలికి నడిచింది.