సగం సినిమాల మనిషి

అద్దంకి నుంచి గుంటూరు వెళ్లే బస్సులో పాత సినిమా వేశారు. నా పక్కన కూర్చున్న పెద్దాయన నల్లపాడుకి టికెట్ తీసుకున్నాడు. ఆయన కండువాకి పట్టిన మిరపకాయల ఘాటుకి నాకు తుమ్ములు ఆగలేదు. టీవీలో 'విశ్రాంతి' అని పడగానే ఆయన సంచీ తీసుకుని లేచాడు.

"ఇంకా నల్లపాడు రాలేదండీ," అన్నాను.

నవ్వుకుంటూ కూర్చున్నాడు. "అలవాటండీ. మ్యాట్నీకి పోతే నేనూ మా ఇంటిదీ ఇంటర్వెల్‌కే లేచొచ్చేవాళ్లం. గేదెలకి పాలు పిండాలి గదా! మిగతా కథ బండి మీద వెనక కూర్చుని ఇంటిదాకా తనే చెప్పేది."

"ఆవిడ ముందే చూసేదా?"

"ఎక్కడ చూసిందండీ? కల్పించేది. విలన్‌క్కూడా పెళ్లి చేసేది."

ఆవిడ పోయాక గేదెల్ని అమ్మేశాడట. తర్వాత ఒక సినిమా చివరిదాకా చూశాడట.

"ఎలా ఉంది?"

"ఏముందండీ, కొట్టుకోటమే. మా ఇంటిది చెప్పిందే బాగుండేది."

కాసేపు టీవీ వైపు చూసి, "ఇది మీరు చూశారా? తర్వాత ఏమయిద్ది?" అని అడిగాడు.

చూశాను. రెండో సగం నాకూ నచ్చలేదు.

"విలన్‌కి పెళ్లవుతుందండీ," అన్నాను.

ఆయన కిటికీ వైపు తిరిగి, ఆ కండువాతోనే కళ్లు తుడుచుకున్నాడు. నల్లపాడు రాగానే సంచీ తీసుకుని దిగిపోయాడు.

నేనెప్పుడూ సినిమాకి ఒక్కణ్ణే వెళ్తాను. ఈ మధ్య ఎంత బాగున్నా సరే, ఇంటర్వెల్‌కే బయటికొచ్చి బండి తీస్తున్నాను. ఇంటిదాకా వెనక నుంచి ఎవరూ ఏమీ చెప్పరు.