వరస పెట్టి చూశాడంతే

ఈ సాయంత్రం పలాసలో మా ఇంటికి సామ్యేలు మావ వచ్చాడు. ఉద్దానం మనిషి, వారం వారం డయాలసిస్‌కి వెళ్తాడు. మా వైద్య శిబిరంలో కిడ్నీ పరీక్షలకు రక్తం తీసుకుని, ల్యాబ్‌లో చూపించి, నిన్న ఊళ్లకు పంపిన చీటీల్లో తనది చేతిలో ఉంది.

“నాకు తగ్గిపోనాది అల్లుడా. దేవుడే బాగు సేసినాడని పొద్దున్న సర్చిలో సాచ్చెం కూడా సెప్పేసినాను. రేపు డయాలసిస్‌కి ఎల్నక్కర్నేదు గదా?”

కిడ్నీలు పాడయ్యేకొద్దీ పెరిగే క్రియాటినిన్, చీటీలో చంటిపిల్లలకు ఉన్నంతే ఉంది. చీటీ తప్పని, రేపు తప్పకుండా వెళ్లమని మావకు చెప్పి పంపి, మా కంప్యూటర్ పని చూసే జోగారావుకు ఫోన్ చేశాను.

“పరీచ్చల అంకెలున్న టేబుల్లో ఏటి మార్సినావు?”

“ఏటీ మార్సనేదు బావా. ఆ క్రియాటినిన్ కాలమ్ ఒక్కటీ వరస పెట్టి సూసినాను, అంతే.”

అంతేనట! మేం వాడే ప్రోగ్రామింగ్ లైబ్రరీలో వరస పెట్టే ఫంక్షన్లు రెండున్నాయి. ఒకటి కొత్త కాపీ ఇస్తుంది, అసలును ముట్టుకోదు. రెండోది అసలునే మార్చేస్తుంది, మార్చానని చెప్పదు కూడా. ఈ మహానుభావుడు రెండోది వాడి సేవ్ చేసేశాడు. పేర్లు ఉన్నచోటే ఉన్నాయి, అంకెలు మాత్రం తక్కువ నుంచి ఎక్కువకు సర్దుకుని, ఒకరివి ఇంకొకరి పక్కన చేరాయి. చీటీలన్నీ అందులోంచే ప్రింటయ్యాయి.

మా దగ్గర వేరే కాపీ లేదు. అసలు అంకెలున్నది ల్యాబ్‌లోనే; ఆదివారం కదా, రేపటిదాకా తెరవరు.

ఇలాంటి లెక్కలతో పని చేసే మీలో ఎవరికైనా, మీ అసలు టేబుల్‌కి కాపీ ఉందా? ఒకసారి చూసి చెప్పండి. మావకు తన జబ్బు సంగతి తెలుసు కాబట్టి అడగడానికి వచ్చాడు. జబ్బుండీ తెలియనివాళ్లు మంచి చీటీ మడిచి దాచుకుని, ఈపాటికి నిశ్చింతగా అన్నం తింటూ ఉంటారు.