మనిషి పట్టేంత అరుగు

మా చిన్నప్పుడు... సూర్యాపేటలో మేమున్న కిరాయి ఇంటి ఎదుట, రోడ్డు పక్కన, జోరు వానలో, చనిపోయిన మనిషికి మా అమ్మ గొడుగు పట్టుకుని నిలబడింది.

ఆయన మా పక్క పోర్షన్‌లో ఉండే రత్నం సారు. బడిలో లెక్కలు చెప్పేవారు. పొద్దున నడుచుకుంటూ దవాఖానకు వెళ్ళారు. మధ్యాహ్నం ఆటోలో తీసుకొచ్చారు. ఇంటి ఓనరు గేటుకు అడ్డంగా, రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. ఆయన చెడ్డవాడు కాడని ఇందుమూలంగా మనవి చేస్తున్నాను... మామిడికాయల కాలంలో అన్ని పోర్షన్లకూ కాయలు పంపేవాడు.

"లోపటికి వద్దమ్మా, దండం పెడ్త. గడియ మంచిది కాకుంటే ఇల్లు నెలలకొద్ది మూసిపెట్టాలంటరు. పిల్లగాండ్లు గలోణ్ణి," అన్నాడు సారు భార్యతో.

కిరాయి ఇళ్ళకు సంబంధించి ఇది ఎక్కడా రాసిలేని నియమం. ప్రాణం ఉన్నంతవరకు అద్దెదారుడు సదరు ఇంట్లో నివసించవచ్చు. ఆపై ప్రవేశం లేదు. సారు భార్య రోడ్డు పక్కనే మంచం వేయించింది. టెంటు వచ్చేలోగా వాన వచ్చింది... సారు ముఖం తడవకుండా చూసుకునే పని అమ్మ మీద పడింది.

మా సొంత ఇంటి నిర్మాణం ఆ సాయంత్రమే ఆరంభమైంది. మాటల్లోనే అనుకోండి.

అంతకుముందు కూడా మేము ఆ ఇంటి గురించి మాట్లాడుకునేవాళ్ళం. చెల్లెలు ఉయ్యాల అడిగేది, నేను జామచెట్టు అడిగేవాణ్ణి, నాన్న స్నానానికి పెద్ద బండ కావాలనేవాడు. అమ్మ ఏనాడూ ఏమీ కోరలేదు. ఆ రోజు తల తుడుచుకుంటూ కోరింది.

"మనింటికి అరుగు ఉండాలె. మనిషి కాళ్ళు సాపుకొని పండేటంత."

"గంత అరుగు ఎందుకే?" అన్నాడు నాన్న.

"ఎందుకో నీకెర్క లేదా? మనోళ్ళు ఎవ్వరు గట్ల రోడ్డు మీద పండొద్దు."

మా వైపు ఇల్లు కట్టే ముందు జాగాలో ముగ్గు పోసి గోడల గుర్తులు పెడతారు. జాగా లేనందున అమ్మ కిరాయి వాకిట్లోనే పోసింది. నాన్న బస్సు డిపోలో మెకానిక్. ఇంజన్ల కింద వెల్లకిలా పడుకోవడమే ఆయన ఉద్యోగం. కనుక పడుకోమనగానే పడుకున్నాడు. అమ్మ ఆయన చుట్టూ ముగ్గుపిండితో గీత గీయసాగింది.

"జల్ది గీయవే, అందరు సూస్తున్నరు."

"సూడనియ్యి. కదలకు, గోడ వంకర వోతది."

"బతికుండంగనే కొలతలు తీస్తున్నవా?"

"సచ్చినంక ఎవడు తియ్యనిస్తడు?"

మిగతా ఇల్లంతా ఆ అరుగుకు లోబడి రూపొందింది. అరుగుకు అడ్డురాని మూలలో ఉయ్యాల, ఆకులు అరుగు మీద రాలనంత దూరంలో జామచెట్టు మంజూరయ్యాయి. వెనక బీరపాదు, ఒక బర్రె, పొద్దుగూకితే అందరం కలిసి కూర్చుని తినే అన్నం కూడా ఆ ఇంట్లో ఉండేవి. ఆదివారాలు మేము అందులోనే కాపురం ఉన్నాం. "గోడ తొక్కకు బిడ్డా, దర్వాజల కెల్లి రా!" అని అమ్మ కేకేసేది. మేము బుద్ధిగా చుట్టూ తిరిగి వచ్చేవాళ్ళం...

నాన్నకు కోదాడ బదిలీ అయింది. అమ్మ అక్కడా ముగ్గు పోసింది. ఓనరమ్మ బయటికొచ్చి చూసి నిర్ఘాంతపోయింది.

"ఇదేంటమ్మా, ముగ్గెయ్యమంటే మనిషిని గీశావు?"

"మనిషి కాదమ్మా, అరుగు."

"అరుగుకి కాళ్ళెందుకున్నాయి?"

తర్వాత మిర్యాలగూడ. రైసుమిల్లుల ఊకబూడిద తెల్లారేసరికి మా ఇంటిని కప్పేసేది. అమ్మ ఊడ్చి, మళ్ళీ పోసేది. అక్కడి ఓనరు తాళం ఇచ్చేముందు అడిగిన ప్రశ్న ఒక్కటే.

"ఇంట్ల ముసలోళ్ళు, పాణం బాగలేనోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

"ఎవ్వరు లేరు," అని నాన్న దగ్గు ఆపుకుంటూ వాంగ్మూలం ఇచ్చాడు.

మేము పెద్దవాళ్ళమయ్యాం. నాన్న రిటైరయ్యాడు. అరుగు వాకిట్లోంచి లేవలేదు. చివరికి నేను సూర్యాపేటలో మూడో అంతస్తులో ఫ్లాటు కొన్నాను. గృహప్రవేశం నాడు అమ్మ గదులన్నీ తిరిగి వచ్చింది.

"అరుగు ఏది బిడ్డా?"

"లిఫ్టు ఉన్నదమ్మా."

ఆమె బాల్కనీలోని బట్టల తీగ వంక కాసేపు చూసింది. "సొంతదే గదా... సాలు తియ్యి," అంది.

మొన్నటి ఎండాకాలంలో నాన్న దవాఖానలో పోయాడు. తీసుకొచ్చేసరికి అపార్ట్‌మెంట్ కమిటీ సెక్రటరీ గేటు దగ్గర ఎదురుచూస్తున్నాడు. ఆయనా మంచివాడే. కళ్ళు తుడుచుకుంటూనే చెప్పాడు.

"పైకి వద్దన్నా. రూలు అందరికి ఒక్కటే. కింద పార్కింగుల జాగ ఖాళీ చేపిచ్చిన, కుర్చీలు గూడ ఏపిస్త."

"ఇది మా సొంత ఇల్లు," అంది అమ్మ.

"ఫ్లాటు మీదే అమ్మా. మెట్లు అందరియి."

నిబంధనలో లోపమేమీ కనిపించలేదు. రెండు కార్లు వెనక్కి తీశారు. స్తంభాల మధ్య నాన్నను పడుకోబెట్టాం. వచ్చినవాళ్ళు వచ్చారు, దండలు వేశారు, వెళ్ళారు. మధ్యలో ఎవరో స్కూటర్ తీసుకోవాల్సి వచ్చి, మమ్మల్ని కొంచెం జరగమని మర్యాదగా అడిగారు. జరిగాం.

అమ్మ నాన్న తల దగ్గర చాలాసేపు కూర్చుంది. తర్వాత నా వైపు తిరిగి, కూరలోకి ఏం కావాలని అడిగేటంత మామూలుగా అడిగింది.

"నన్ను గూడ గీడనే పండవెడ్తరా?"

అంతలో ఇంకో స్కూటర్ వచ్చింది, నేను లేచి దారి ఇచ్చాను.

మా చిన్నప్పుడు వద్దనడానికి ఒక్క ఓనరు ఉండేవాడు. ఇప్పుడు ఓనర్లమందరం మీటింగు పెట్టుకుని, చాయ్ తాగి, ఏకగ్రీవంగా వద్దనుకుంటున్నాం. మీ ఇంట్లో ఎవరు ఎలాంటి ఇల్లు కలగన్నారో, చివరికి అందులో వాళ్ళకు చోటు దొరికిందో లేదో... చెప్పాలనిపిస్తే కింద రాయండి. మా అమ్మకు చదివి వినిపిస్తాను.