ఒక్క వరుసలో మూడు వేల పేర్లు

బస్సుల కంపెనీలో ఆవిడని అందరూ గొడుగులక్కయ్య అనేవారు. పన్నెండేళ్ళు కండక్టరుగా నిలబడీ నిలబడీ మోకాళ్ళు మొరాయిస్తే, డిపో వెనక టైర్ల గోదాము పక్కనున్న పోయిన వస్తువుల గదికి మార్చారు. చూసినవాళ్ళు పాపం అనుకున్నారు. ఆవిడ మాత్రం పుట్టింటికి వచ్చినట్టు సర్దుకుంది. జనం బస్సుల్లో చెప్పులు మరిచిపోతారు, కళ్ళజోళ్ళు మరిచిపోతారు. ఒకాయన కట్టుడు పళ్ళు మరిచిపోయి, అడగడానికి నోరు సహకరించక కాగితం మీద రాసిచ్చాడు. అయినా గొడుగుల ముందు అవన్నీ దిగదుడుపే.

వచ్చిన ప్రతి వస్తువునీ, అది ఉన్న అర నంబరు కనబడేలా ఫోటో తీసి కంప్యూటర్లో దాచాలి. ఆ ఫోటోలకి పేర్లు ఆవిడే పెట్టుకునేది. నల్ల గొడుగు అంటే ఏం గుర్తుంటుంది? అలాంటివి తొమ్మిది వందలున్నాయి. అందుకని 'అలిగిన గొడుగు', 'వానంటే భయం', 'పెళ్ళికెళ్ళి చిరిగినది', 'ఒంటిచేతి మేనత్త'. పేరు చదివితే చాలు, వస్తువు ఆవిడ కళ్ళముందు నిలబడేది.

కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మకి అలా నిలబడలేదు.

"మేనత్తేమిటమ్మా, ఫైలుకి పేరు మేనత్తేమిటి? మూడు వేల రెండొందల పద్దెనిమిది ఫోటోలకీ తేదీ, నంబరు ఉండాలి. శుక్రవారం నాలుగింటికి వస్తాను. అప్పటికి కాకపోతే ఈ గది బయటివాళ్ళకి అప్పగించేస్తాం. మీకు టికెట్ల కిటికీ ఉండనే ఉంది."

టికెట్ల కిటికీ అంటే ఆవిడకి ప్రాణం ఉసూరుమంది. అక్కడ మనుషుల ముఖాలు కనబడవు, చేతులు మాత్రమే లోపలికొస్తాయి.

పాత పేరు నోటుబుక్కులో రాసుకోవడం, కొత్త పేరు కొట్టడం. మూడు రోజులు వంచిన తల ఎత్తకుండా చేస్తే నూట నలభై తేలాయి. గురువారం మధ్యాహ్నం ఆడపడుచుకి ఫోను చేసింది. ఆ పిల్ల ఒక అచ్చాఫీసులో కంప్యూటర్ల బాగోగులు చూస్తుంది.

"ఒక్కొక్కటీ మారుస్తున్నావా వదినా! గంగాళాన్ని ఉగ్గుగిన్నెతో తోడినట్టుంది. ముందు కంప్యూటర్లో నల్ల కిటికీ తెరువు. అందులో బొమ్మలూ బటన్లూ ఉండవు. నువ్వు రాసిందే వింటుంది."

"రాస్తే చాలు, వింటుందా? మా ఇంట్లో అరిచినా వినరు."

ఆడపడుచు అక్షరం అక్షరం చెబుతుంటే, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఆవిడ ఒక వరుస కొట్టింది. ప్రతి ఫోటోనీ తీసుకో, తేదీ చూడు, అంకె ఒకటి పెంచు, పాత పేరు తీసి కొత్త పేరు పెట్టు. దాని సారం ఇంతే.

"పేరు మార్చమనే మాటకి ముందు ఎకో అని పెట్టు. అదున్నంతసేపూ ఏదీ మార్చదు. ఏం చేయబోతోందో చెబుతుంది, అంతే."

"చేస్తాను చేస్తానని చెప్పడం, చేయకపోవడం. మీ అన్నయ్యేగా!"

అటువైపు ఆడపడుచు పొలమారేలా నవ్వింది. ఇటు తెర మీద పేర్లు జలజలా రాలాయి. ఏ పేరు ఏ నంబరు కాబోతోందో అంతా సరిగ్గానే ఉంది.

"ఇక ఎకో తీసేసి కొట్టెయ్ వదినా."

"ఆగాగు. ఈ జాబితా దాచుకోనీ."

"చూశావుగా, మళ్ళీ దాచడమెందుకు?"

"మా గదిలో గొడుగుని ఈ అరలోంచి ఆ అరలోకి మార్చినా, ఎక్కడికెళ్ళిందో పాత చోట చీటీ పెడతాం. చీటీ పెట్టకుండా చెయ్యి పెట్టం."

"నీ ఛాదస్తం!" అంటూనే ఆడపడుచు దారి చెప్పింది. జాబితా 'చీటీ' అనే ఫైల్లోకి చేరింది. అప్పుడు ఎకో చెరిపేసి, కళ్ళు గట్టిగా మూసుకుని ఎంటర్ నొక్కింది. కళ్ళు తెరిచింది.

"ఏమీ కాలేదే!"

"అయిపోయింది వదినా."

మిగిలిన మూడు వేల డెబ్భై ఎనిమిదీ బడిపిల్లల్లా వరుసకట్టి నిలబడ్డాయి. గొడుగులక్కయ్య మోకాళ్ళ సంగతి మరిచిపోయింది. ఒంటిచేతి మేనత్తని అరలోంచి లాగి, విప్పి, తలపైన గిరగిరా తిప్పుతూ అరల చుట్టూ మూడు చుట్లు తిరిగింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. నోటుబుక్కులోని నూట నలభైనీ చీటీలో చేర్చింది. డిపో నోటీసులన్నిటికీ పేర్లు మార్చింది. ఇంటికెళ్ళి, అన్నం పెట్టుకోకముందే మొగుడి పాటల మీద పడింది.

"నా పాటలన్నీ ఖైదీల్లా నంబర్లైపోయాయేమిటే!" అని ఆయన గోల.

"చీటీ ఉందిలెండి. ఎక్కువ మాట్లాడితే మీకూ ఒక నంబరు పడుతుంది."

శుక్రవారం నాలుగింటికి ఆఫీసరమ్మ వచ్చింది, చూసింది, తలూపింది. "ఇదీ పద్ధతంటే!" అంటుండగానే ఒక పొడుగాటాయన గుమ్మంలో తల వంచుకుని లోపలికొచ్చాడు. గొడుగు పోయిందట. ఆఫీసరమ్మ ఉత్సాహంగా తనే కుర్చీలో కూర్చుంది.

"ఏ తేదీన?"

"గుర్తులేదండీ."

"ఆనవాళ్ళు?"

"నల్లగా ఉంటుందండీ."

ఆఫీసరమ్మ నంబర్ల మీద నంబర్లు తెరిచింది. నల్ల గొడుగు, నల్ల గొడుగు, మళ్ళీ నల్ల గొడుగు.

గొడుగులక్కయ్య మెల్లగా అడిగింది. "దాని బుద్ధెలాంటిదండీ?"

"బుద్ధా? నేను కూర్చుంటే చాలు, దానంతటదే విచ్చుకునేదండీ. బస్సులో నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు."

ఆవిడ చీటీ తెరిచి రెండక్షరాలు కొట్టి వెతికింది. 'పిలవకుండా తెరుచుకునేది'. ఎదురుగా కొత్త నంబరు, ఆ నంబరు ఫోటోలో ఇరవై రెండో అర. రెండు నిమిషాల్లో గొడుగు బల్ల మీదికొచ్చింది.

"ఏదీ, చూడనివ్వండి," అని ఆఫీసరమ్మ చెయ్యి వేసిందో లేదో, ఫట్! కాగితాలు గాల్లోకి లేచాయి, కళ్ళజోడు చెవికి వేలాడింది.

"ఇదేనండీ! ఇదేనండీ!" పొడుగాటాయన గంతులొక్కటే తక్కువ.

గొడుగు వెనకనుంచి ఆఫీసరమ్మ గొంతు వినబడింది. "నంబరు పక్కన... ఆ పాత పేరు కూడా పెట్టాలంటే ఎన్నాళ్ళు పడుతుంది?"

"మీరు ఆ గొడుగు మూసేలోపు."

గొడుగులక్కయ్య వరుస కొట్టింది. ఎకో పెట్టి ఒకసారి చూసుకుంది. చీటీ రాసుకుంది. ఎంటర్ నొక్కి కుర్చీ గిర్రున తిప్పింది.

ఆఫీసరమ్మ ఇంకా గొడుగుతో కుస్తీ పడుతూనే ఉంది. "ఈ గది మీదేనమ్మా, ఎక్కడికీ పోదు. ముందు వచ్చి దీన్ని మూయండి!"