వంక దాటించే చెయ్యి

ఎమ్మిగనూరు దాటి మాధవరం వైపు పోయే బండ్ల దారిలో ఒక వంక అడ్డం వస్తుంది. ఎండాకాలంలో దాన్ని చూసినవాళ్ళు దీన్నా వంక అన్నది అని నవ్వుకుంటారు. మేక గొంతు తడుపుకోవడానికి కూడా నీళ్ళుండవు. వానాకాలంలో చూసినవాళ్ళు మాత్రం నవ్వరు. ఆ వంక మీద వెనకటి దొరల హయాంలో కట్టిన మూడు కమానుల రాతి వంతెన ఉండేది. వంతెనకు ఇవతలి గట్టున, గ్రామదేవత సుంకులమ్మ రాయికి కాస్త ఎడంగా, బోదగడ్డి కప్పిన ఒక కొట్టం.

ఆ కొట్టం ఎల్లప్పది. ఎల్లప్ప సర్కారు రోడ్డు కూలీ. గుంతల్లో మొరం పోయడం, పక్కన పెరిగిన ముళ్ళకంప కొట్టడం, వంతెన కమానుల్లో చెత్త ఇరుక్కుంటే లాగెయ్యడం అతని పని. పెళ్ళాం హనుమక్క. పిల్లలు లేరు. మంత్రాలయం స్వామి దర్శనానికి పోయే బండ్లు ఆ కొట్టం ముందునుంచే పోయేవి గానీ ఒక్కటీ ఆగిన పాపాన పోలేదు. మంచి వంతెన ఉన్నచోట ఎవడాగుతాడు? బండి చప్పుడూ, వెనక లేచే దుమ్మూ, హనుమక్కకు యాత్రికులంటే అంతే.

పందొమ్మిది వందల ముప్ఫైల చివర్లో ఒక ఏడు, దసరా వెళ్ళిన కొద్ది రోజులకే గాలివాన పట్టుకుంది. ఎల్లప్ప అప్పటికి దసరా రాత్రి దేవరగట్టు జాతరలో జరిగే కట్టెల కొట్లాటలో తల పగలగొట్టించుకొని, గాయం నిండా బండారు పసుపు అద్దుకొని, ఏమీ జరగనట్టు నడిచి ఇంటికొచ్చి ఉన్నాడు. పొద్దు వాలేవేళకు వంక గట్లెక్కి పారుతోంది. అవతల బండ్ల గంటలు వినబడ్డాయి.

"ఆ పక్క బండ్లొస్తాండాయి. పోయి నిలబెట్టొస్తా. నువ్వు రొట్టె కాల్చు," అన్నాడు ఎల్లప్ప.

హనుమక్క జొన్నరొట్టె కాల్చింది. రొట్టె చల్లారింది. మనిషి రాలేదు.

నీళ్ళు తగ్గాక అవతలి బండ్లవాళ్ళు వచ్చి చెప్పారు. వంతెన నడుమ నిలబడి, తలగుడ్డ విప్పి ఊపుతూ, వెనక్కి తిప్పండని అరిచాడట. వాళ్ళు ఎద్దులను తిప్పుకొని మళ్ళీ చూసేసరికి వంతెనా లేదు, మనిషీ లేడు. ఊరివాళ్ళు వంక వెంబడి చాలా దూరం వెతికారు. ఎల్లప్ప దొరకలేదు. కూలిన కమానుల రాళ్ళు మాత్రం వంక నడుమ గుట్టగా పడి ఉన్నాయి, పదిమంది పట్టినా కదలనివి.

ఎల్లప్పకు అన్న శేషన్న, కొట్టం వెనకున్న ఊళ్ళోనే ఉండేవాడు. కులపెద్ద కూడా ఆయనే. శవం కళ్ళ చూడందే ఆడదాని గాజులు తీయించడం వాళ్ళలో లేదు. శేషన్న గట్టు మీద కూర్చొని తీర్పు చెప్పాడు.

"ఆ రాళ్ళ కింద ఉండొచ్చు, ఉండకపోవచ్చు. సర్కారోళ్ళు వంతెన కట్టేదానికి రాళ్ళు లేపుతారు గదా. లేపిన్నాడు సూద్దాం. అంతదాకా నువ్వు ముత్తైదువే. మా ఇంటికొచ్చి ఉండు."

"నేను రాను బావా. ఆయనొస్తే ఈడికే గదా వచ్చేది," అంది హనుమక్క.

తల పగిలినా నడిచొచ్చిన మనిషిని నీళ్ళేం చేస్తాయని ఆమె ధైర్యం. శేషన్న మాత్రం వచ్చే ఎండాకాలానికి రాళ్ళు లేస్తాయనుకున్నాడు. పాపం, ఆయనకు సర్కారు సంగతి తెలియదు.

మరుసటి ఎండాకాలంలో టోపీ పెట్టుకున్న ఒకాయన వచ్చి గొలుసుతో కొలిచి పోయాడు. ఆ పై ఏడు ఇంకొకాయన వచ్చి, మొదటాయన కొలిచింది తప్పని మళ్ళీ కొలిచాడు. ఈలోగా రాళ్ళ గుట్ట పక్కగా మొరం పోసి బండ్లకు దారి చేశారు. తొలకరికే ఆ మొరం కొట్టుకుపోయింది. మళ్ళీ పోశారు, మళ్ళీ పోయింది. వంక నోట్లో ఏటేటా మొరం పోసి అన్నం పెట్టినట్టు పెట్టారు గానీ ఒక్క రాయి లేపలేదు. తర్వాత యుద్ధం వచ్చింది. ఇనుమూ సిమెంటూ అన్నీ యుద్ధానికే పోతున్నాయన్నారు. అసలే నత్త, పైగా కాలు నొప్పి అన్నట్టయింది పని.

వంతెన పోయినందుకు దేశమంతా సర్కారును తిట్టుకుంది. హనుమక్క ఒక్కతే తిట్టలేదు. ఇప్పుడు ప్రతి బండీ ఆమె కొట్టం ముందు ఆగుతోంది. బరువుతో దిగితే చక్రాలు కూరుకుపోతాయి గనక మనుషులు దిగాల్సిందే. ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ నీళ్ళు చూసి జంకితే హనుమక్క వచ్చి చెయ్యి పట్టుకొని దాటించేది. "నా ఎనకే రా అవ్వా. నీళ్ళను సూడాకు, నా ఈపు సూడు," అనేది. దాటినవాళ్ళు పిడికెడు బియ్యమో, బెల్లం ముక్కో ఇచ్చేవాళ్ళు. ఆడవాళ్ళయితే కుంకుమ భరిణె తీసి ఆమె నొసట పెట్టి, అక్కడే సుంకులమ్మకు కూడా కాస్త పెట్టి పోయేవాళ్ళు. ఎల్లప్ప ఉన్నరోజుల్లో కూడా ఆమె ఇన్ని మాటలు మాట్లాడలేదు, ఇంతమంది చేతులు పట్టుకోలేదు.

కానీ బండ్లు లేని రోజులే ఎక్కువ. శ్రావణంలో స్వామివారి ఆరాధనకు జనం పోయి వచ్చేశాక వంక గట్టు బావురుమనేది. పొయ్యి ముందు కూర్చొని రెండు రొట్టెలు తట్టి, రెండోది ఎవరికని తట్టానా అని తనను తానే తిట్టుకొని, మర్నాడు మళ్ళీ రెండే తట్టేది.

ఏటా తప్పకుండా వచ్చేవాళ్ళలో ప్రభావతి ఒకతె. పుట్టిల్లు ఎమ్మిగనూరు. మెట్టినిల్లు ఆదోనిలో దూది వ్యాపారం చేసే ఇల్లు. ఆరాధన ముందు పుట్టింటికి వచ్చి అక్కడినుంచి బండి కట్టించుకొని బయలుదేరేది. బంగారంలాంటి పిల్ల గానీ నీళ్ళంటే చచ్చే భయం. మొదటిసారి హనుమక్క చెయ్యి పట్టుకొని, అవతలి గట్టెక్కాక కూడా వదలడం మరిచిపోయి కాసేపు అలాగే నిలబడింది. ఆ మరుసటి ఏడు బండి దిగుతూనే, "హనుమక్కా, యాడున్నావ్? నువ్వొస్తే గానీ నేను కాలు పెట్టను," అని పిలిచింది.

ఆ ఏడే ఊరికే మాటల్లో మాటగా అడిగింది, "మీ ఆయన ఏం చేస్తాడు?"

"రోడ్డు పనిమ్మా," అంది హనుమక్క. అందులో అబద్ధమేమీ లేదు.

"ఎప్పుడూ కనబడడే?"

"దూరంగా ఏసినారు. ఈడ వంతెన లేసి ఈ రోడ్డయినంక మళ్ళా ఈడికే వస్తాడు."

అదే అబద్ధం. నోరు జారిపోయింది. ఆ ఒక్క మాటనే ప్రతి ఏడూ మోయాల్సి వచ్చింది. ప్రభావతి వచ్చినప్పుడల్లా, "రోడ్డు పని ముగిసేదెప్పుడో, మీ ఆయన ఇల్లు చేరేదెప్పుడో," అని జాలిపడేది. స్వామి దగ్గర నీ పేరున కూడా మొక్కుతాలే అనేది. హనుమక్క తల ఊపి, ఆమె అటు పోగానే సుంకులమ్మ రాయి ముందు కూర్చొని ఇంకోరకంగా మొక్కుకునేది: "తల్లీ, ఈ వంతెన ఇప్పుడప్పుడే లేపాకు."

రాయి లేస్తే ఎల్లప్ప బయటపడతాడేమోనని ఒక భయం. తను విధవరాలయిందంటే ఈ చెయ్యి ఎవరూ పట్టుకోరని ఇంకో భయం. యాత్రకు బయలుదేరినవాళ్ళు దారిలో బోడి చెయ్యి ఎదురైతే బండి తిప్పుకొని పోయే రకం. రెండిటిలో ఏ భయం పెద్దదో ఆమెకే తెలియదు, తెలుసుకోవాలని కూడా ఆమె అనుకోలేదు.

సుంకులమ్మ కరుణించిందో, సర్కారు తన పద్ధతి ప్రకారం పోయిందో, ఏడెనిమిదేళ్ళు అలా గడిచాయి.

యుద్ధం ముగిసింది. తర్వాతి సంక్రాంతి వెళ్ళగానే ఆదోని వైపునుంచి రాతిపనివాళ్ళు దిగారు. వాళ్ళ మేస్త్రీ యేసేపు. నెమ్మదస్తుడు, పని మొదలుపెట్టేముందు కళ్ళు మూసుకొని ప్రార్థన చేసుకునేవాడు. ఊళ్ళో సంగతి విని కొట్టం దగ్గరికి వచ్చి, తలగుడ్డ తీసి నిలబడ్డాడు.

"అక్కా, రాళ్ళు రేపు లేపుతాం. ఆయన వంటి మీద ఏముండె? మేం గుర్తుపట్టాల గదా."

"కుడిసేతికి ఎండి కడియం. మొలతాడుకు తాయెత్తు," అంది హనుమక్క. తర్వాత, "తలకు గాయముండె. మానింటాదిలే," అని కూడా అంది. యేసేపు ఆ మాటకు తలొంచుకున్నాడు.

గునపాలు వేసి, మోకులు కట్టి, ఒక్కో రాయీ దొర్లించారు. శేషన్న వచ్చాడు, ఊరు వచ్చింది. హనుమక్క గట్టు మీద కొంగు బిగించి నిలబడింది. ప్రతి రాయి లేచినప్పుడూ అందరూ వంక వైపు చూశారు. ఆమె ఒక్కతే యేసేపు మొహం వైపు చూసింది. ఆఖరి రాయి కూడా లేచింది. కింద ఇసుక ఉంది. ఇంకేమీ లేదు. యేసేపు మోకాళ్ళ మీద కూర్చొని ఆ ఇసుకను చేత్తో తోడి తోడి చూసి, లేచి తల అడ్డంగా ఊపాడు.

హనుమక్కకు ఒళ్ళంతా తేలికయింది. "లేడు బావా! కింద లేడు. ఈడ లేడంటే యాడో ఉన్నట్టే గదా."

శేషన్నకు కళ్ళు నిండాయి. తమ్ముడి కోసం ఏడవడానికి ఆయనకు కూడా ఇన్నేళ్ళూ వీలు దొరకలేదు.

"పిచ్చిదానా, గంగమ్మ తీస్కపోయినోడు ఈడ ఆగుతాడా? తుంగభద్రకు పొయ్యింటాడు. రాళ్ళు లేసిన్నాడు సూద్దామంటిమి. లేసినాయి. మాట మాటే. వానికి ఇంత మట్టి ఇయ్యాల గదమ్మా. ఇన్నేండ్లూ దిక్కులేనోని మాదిరి ఇడిసినాం వాన్ని."

తన కోసం అయితే హనుమక్క ఇంకో పదేళ్ళయినా వాదించేది. ఎల్లప్ప కోసం అనేసరికి తల ఊపింది. రాళ్ళు లేచిన చోటి ఇసుకనే గుడ్డలో మూటగట్టి, మనిషిని చేసినట్టు చేసి, గుంత తీసి పూడ్చారు. శేషన్న పెళ్ళాం ఏడుస్తూ హనుమక్క గాజులు పగలగొట్టింది. నొసట కుంకుమ తుడిచింది. హనుమక్క ఆ రోజు ఏడవలేదు. మర్నాడు రెండో రొట్టె తట్టబోయి చెయ్యి ఆగిపోయినప్పుడు ఏడ్చింది.

పని ఈసారి మాత్రం పరిగెత్తింది. ఎప్పుడూ లేంది అప్పుడే ఆ తొందరెందుకో సర్కారుకు. మామిడి వానలకు వంకలో నాలుగు నీళ్ళు పారినప్పుడు పత్తికొండ వైపునుంచి ఒక యాత్ర బండి వచ్చి ఆగింది. అలవాటు చొప్పున హనుమక్క పోయి ఒక పెద్దావిడకు చెయ్యి చాపింది. ఆమె చెయ్యి ఇవ్వబోయి, ఎదుటి మణికట్టు చూసి, వెనక్కి తీసుకుంది. తిట్టలేదు. "నా కొడుకొస్తాడులే," అని పక్కకు తిరిగింది. ఆ తర్వాత హనుమక్క ఎవరికీ చెయ్యి చాపలేదు.

శ్రావణానికి వంతెన పూర్తయింది. ఆరాధనకు బండ్లు వరసగా వచ్చాయి. ఒక్కటీ ఆగలేదు. ఎద్దుల మెడ గంటలు మోగించుకుంటూ, ఎంత బాగా కట్టినారో అనుకుంటూ, దుమ్ము లేపుకుంటూ పోయాయి. హనుమక్క ఎవరికీ ఎదురురాకుండా వంతెన చివర గోడ పక్కన, తల మీదుగా కొంగు కప్పుకొని నిలబడింది. ఒక్క బండి కోసమే నిలబడింది. చూడాలనీ ఉంది, కనబడకూడదనీ ఉంది.

ప్రభావతి బండి రానే వచ్చింది. "హనుమక్కా! హనుమక్కేనా?" అని లోపలినుంచి గొంతు. బండివాడు పగ్గం లాగాడు గానీ వెనక బండ్లవాళ్ళు నడుపు నడుపు అని కేకలేశారు. ప్రభావతి బండి గూడులోంచి సగం బయటికి వంగి ఒక కాగితం పొట్లం చాపింది.

హనుమక్క చేతులు బయటికి రానివ్వలేదు. కొంగు చెరగు దోసిలిలా పట్టి పొట్లం అందులో వేయించుకుంది.

"రోడ్డయిపోయింది గదా. ఇంక మీ ఆయన ఇల్లు చేరినట్టే గదా?" అంది ప్రభావతి. మొహం నిండా సంతోషం. స్వామి తన మొక్కు విన్నాడన్న సంతోషం.

"వస్తాడమ్మా," అంది హనుమక్క.

బండి కదిలింది. ప్రభావతి వెనక్కి తిరిగి చూస్తూ, వంతెన దాటేదాకా చెయ్యి ఊపింది. హనుమక్క ఊపలేదు. ఎలా ఊపుతుంది, చేతులు కొంగు కింద ఉంటే.

బండ్లన్నీ పోయాక సుంకులమ్మ రాయి పక్కన కూర్చొని పొట్లం విప్పింది. ఆదోని బజారులో కొన్న పచ్చగాజులు. ఒకటి తీసి, ఎవరూ లేరని అటూ ఇటూ చూసి, చేతికి ఎక్కించి చూసుకుంది. అతికినట్టు సరిపోయింది. ఏనాడూ ప్రభావతి ఆమెను గాజుల కొలత అడిగింది లేదు, ఆమె చెప్పిందీ లేదు. ఏటా వంకలో గట్టిగా పట్టుకున్న చెయ్యి గదా, ఆ పిల్లకు కొలత అలా తెలిసింది.

కాసేపు ఉంచుకొని, జాగ్రత్తగా తీసి, మళ్ళీ పొట్లంలో పెట్టింది.