మంచం మీద మిరపకాయలు

డిగ్రీ పూర్తయి ఉద్యోగం దొరకని ఆ రోజుల్లో, చేతినిండా తీరికా, ఆ చేతిలోనే ఒక ఫోనూ ఉన్న ఇరవై రెండేళ్ల కుర్రాడు ఎంత ప్రమాదకరమైన ప్రాణో నాకు తెలియదు. తెలిసే వీలు కూడా లేదు, ఆ ప్రాణిని నేనే కాబట్టి. చెంగిచెర్లలో మా ఇంట్లో ఉంటే నాన్న పొద్దున లేస్తూనే నా మొహం చూసి ఒక నిట్టూర్పు విడిచేవాడు. పళ్లు తోముకోవడానికి ముందొకటి, తర్వాత ఒకటి. ఆ నిట్టూర్పుల ధాటికి తట్టుకోలేక నాచారంలో ఉన్న మా మేనత్త ఇంటికి మకాం మార్చాను. అత్త ఒక్కతే కింద ఉండేది. పై పోర్షన్‌లో కిరాయికున్న కుటుంబం బదిలీ మీద వెళ్లిపోయి నెల దాటింది, గేటుకు కట్టిన టులెట్ బోర్డు ఎండకు వెలిసిపోతోంది. సరిగ్గా ఆ సమయంలో, ఇళ్లను రోజుల లెక్కన అతిథులకు ఇచ్చే పద్ధతి ఒకటుందని నా ఫోను నాకు చెప్పింది. నేను అత్తకు చెప్పాను. (అత్త ఎవరికీ చెప్పలేదు. పరువు సంగతి ఆలోచించి ఉంటుంది.)

"హోటల్ లెక్కనా?" అంది అత్త అనుమానంగా.

"హోటల్ కాదత్తా, ఇల్లే. కాని వచ్చినోళ్లకు సొంతింటికొచ్చినట్టు అనిపియ్యాలె. గదే కిటుకు."

అత్త రెండు రోజులు ఆలోచించి ఒప్పుకుంది, ఒక షరతు మీద. "మొదటొచ్చినోళ్లు మొఖం మాడ్సుకొని పోయిన్రనుకో, బోర్డు మళ్ల తగిలిస్త. నువ్వు చెంగిచెర్ల బస్సెక్కు." అంటే ఆ ఇంట్లో మొదట దిగే అతిథుల మొహాల మీద నా బతుకు ఆధారపడి ఉందన్నమాట. నేను ఏమాత్రం బెదరలేదు. అతిథుల మనసు దోచుకునే చిట్కాల గురించి ఇంటర్నెట్‌లో దొరికినవన్నీ చదివేశాను. తువ్వాళ్లను హంసల్లా మడవాలట. దిండు మీద చాక్లెట్ పెట్టాలట. గదిలో సువాసన కొవ్వొత్తి వెలిగించాలట. అన్నిటికన్నా ముఖ్యం, చేత్తో రాసిన స్వాగత లేఖ ఒకటి బల్ల మీద ఉండాలట. తువ్వాలు హంసగా మారడానికి నాకు మూడు రోజుల సాధన పట్టింది. మొదటి రోజు చేసినదాన్ని చూసి అత్త, "కోడి కూసున్నట్టున్నది" అంది. రెండో రోజు దాన్ని ఏమీ అనకుండా ఉతకడానికి తీసుకుపోయింది.

మొదటి బుకింగ్ కాజీపేట నుంచి వచ్చింది. ఒక స్త్రీ పేరు మీద, ఇద్దరు మనుషులకు, రెండు రాత్రులకు. కింద ఒక సందేశం: "వాళ్లిద్దరూ కలిసి బయటికి రావడం ఇదే మొదటిసారి. మొహమాటం ఎక్కువ. మీరే కాస్త చూసుకోవాలి." నేను దాన్ని నాలుగుసార్లు చదివాను. ఇద్దరు. మొదటిసారి. మొహమాటం. ఇంకేం కావాలి? కొత్తగా పెళ్లయిన జంట, పెళ్లికూతురి అక్కో వదినో ముచ్చటపడి బుక్ చేసి ఉంటుందని తేల్చేశాను. ఎవరొస్తున్నారండీ అని ఒక్క మాట అడిగి ఉండొచ్చు కదా అని మీకనిపించవచ్చు. అడిగితే ఇక నా తెలివితేటలకు పనేముంటుంది?

వాళ్లొచ్చే రోజు పొద్దున్నే ఉప్పల్ వెళ్లి గులాబీలు తెచ్చాను. రేకులు తుంచి మంచం మీద హృదయాకారంలో పరిచాను. దాని మధ్యలో రెండు హంసలు, ముక్కూ ముక్కూ ఆనించి. రెండు దిండ్ల మీద రెండు చాక్లెట్లు, కిటికీలో మల్లెపూల వాసన కొవ్వొత్తి. స్వాగత లేఖ మూడుసార్లు తిరగరాసి, నాలుగోసారి రంగు పెన్నుతో రాసి బల్ల మీద పెట్టాను. గడప దగ్గర కుచ్చులు వేలాడే కొత్త కాళ్లపట్టా పరిచాను. అత్తను మాత్రం పైకి రానివ్వలేదు, అన్నీ అయ్యాక ఒకేసారి చూపించి ఆశ్చర్యపరుద్దామని.

పదకొండు గంటలకు గేటు ముందు ఆటో ఆగింది. ముందుగా చేతికర్ర దిగింది. దాని వెనక డెబ్భై ఏళ్ల పెద్దాయన, తెల్ల చొక్కా, తెల్ల ధోతి. ఆయన వెనక నలభై దాటిన ఇంకొకాయన, రెండు చేతుల్లో రెండు సంచులు. నేను ఆటో లోపలికి తొంగి చూశాను, పెళ్లికూతురు ఇంకా దిగలేదేమోనని. ఆటో వెళ్లిపోయింది.

"కాజీపేట నుంచేనా సార్?" అన్నాను, కాదనాలని కోరుకుంటూ.

"అవు తమ్మీ. మా ఇంటామె బుక్ చేసింది," అన్నాడు సంచులాయన. "ఈయన మా మామ. రేపు ఉప్పల్ దవాఖానల కంటి ఆపరేషన్. ఇంటామెకు బడిల పరీక్షల డ్యూటీ పడ్డది, అందుకే నేనొచ్చిన."

పెద్దాయన ఆ మాటలు వినిపించుకోనట్టు ఆకాశం వైపు చూస్తూ, "బిడ్డా, సంచులు జాగర్త అని ఆయనకు చెప్పు" అన్నాడు నాతో. ఆయనేమో పక్కనే, చేయి చాపితే తగిలేంత దగ్గర్లో ఉన్నాడు. నాకర్థం కాక, "జాగర్తనట సార్" అన్నాను అల్లుడితో. "సరేనని చెప్పు" అన్నాడు అల్లుడు నాతో. మెట్లెక్కేటప్పుడు ఆయన నా చెవిలో సంగతి విప్పాడు. ఇద్దరికీ మాటల్లేవు, మూడేళ్లయింది. కూతురి పెళ్లినాడు మామ ముచ్చటగా ఇచ్చిన పాత స్కూటర్‌ను అల్లుడు పాత ఇనుప సామాన్లవాడికి అమ్మేశాడు, గొడవంతా అదే. రైల్వేలో గార్డుగా పనిచేసినంత కాలం పెద్దాయన తిరిగిన బండి అది. అప్పట్నుంచి ఏదన్నా చెప్పుకోవాలంటే మధ్యలో ఆయన కూతురే. ఇప్పుడామె లేదు, ఆ ఉద్యోగం నాకు దక్కింది. (డిగ్రీ తర్వాత నాకొచ్చిన మొదటి ఉద్యోగం అదేనని ఒప్పుకోవాలి.)

వాళ్లకంటే ముందు పరుగెత్తి మంచాన్ని సర్దేద్దామనుకున్నాను. కానీ గడప దగ్గర పెద్దాయన చేతికర్ర పట్టా కుచ్చుల్లో ఇరుక్కుంది, ఆయన ముందుకు తూలాడు, ఆయన్ని పట్టుకోవడంలో ఆ పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది. ముగ్గురం గదిలో నిలబడ్డాం. అల్లుడు మంచం వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు, తర్వాత చాలాసేపు ఫ్యాన్ వైపు చూశాడు. పెద్దాయన మబ్బు పట్టిన కళ్లు చిట్లించుకుని ముందుకు వంగాడు.

"బిడ్డా, మంచం మీద ఏందది, ఎర్రగ? మిరపకాయలు ఎండబోసిన్రా?"

మనిషికి జీవితంలో కొన్ని సందర్భాల్లోనే తప్పించుకునే దారి దానంతటది తెరుచుకుంటుంది. "అవును సార్," అన్నాను. "మా అత్త ఎండబోసింది. ఇప్పుడే తీసేస్త."

"మరి గా తెల్లటివేంది, బాతులా? ఇంట్లనే పెంచుతున్రా?"

దానికి జవాబు వెతుక్కునేలోపే మజ్జిగ గ్లాసులతో అత్త పైకొచ్చింది. మిరపకాయల మాట మెట్ల మీదే విన్నట్టుంది. "నేనేడ ఎండబోసినరా?" అంటూ లోపలికొచ్చి మంచాన్ని చూసింది. హంసల్ని చూసింది. తెల్ల ధోతి పెద్దాయన్నీ, ఆయన అల్లుణ్నీ చూసింది. గ్లాసులు బల్ల మీద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. ఆ భుజాలు ఎందుకు కదులుతున్నాయో నాకు బాగా తెలుసు. అంతలో కొవ్వొత్తి వాసన సోకి పెద్దాయన తుమ్మడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, అయిదు. అల్లుడు తటపటాయిస్తూ ఆయన వీపు మీద చేయి వేయబోయి మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"కన్ను ఆపరేషన్ మనిషికి తుమ్ములు తెప్పిస్తవారా?" అంది అత్త, నవ్వు ఆగిపోయి. మొన్నమొన్ననే తన ఆడబిడ్డకు అదే ఆపరేషన్ అయింది, అత్తకు అన్నీ తెలుసు. కొవ్వొత్తి ఊదేసి బయట పెట్టించింది. కుచ్చుల పట్టాను చుట్టి నా చంకలో పెట్టింది. ఆపరేషన్ అయ్యాక వారం దాకా తల వంచకూడదు కాబట్టి బాత్‌రూమ్‌లో బకెట్‌ను ఎత్తైన స్టూలు మీదికి ఎక్కించింది. కిందనుంచి చేతుల కుర్చీ మోయించింది, దేన్నో ఒకదాన్ని పట్టుకోకపోతే ముసలి ప్రాణం లేవలేదని. కిటికీకి ముదురు రంగు దుప్పటి కట్టింది. ఇంకో మంచం తెప్పించి వేరుగా వేసింది. చివరికి తన పెట్టెలోంచి ఎర్రటి స్టిక్కర్ బొట్టు తీసి బాత్‌రూమ్ లైటు స్విచ్చు మీద అతికించింది. "తడుముకునే పని లేదన్నా, బొట్టు యేలికి తగుల్తది, నొక్కు," అంది. పెద్దాయన వేలితో తడిమి చూసి, చిన్నపిల్లాడిలా రెండుసార్లు లైటు వేసి ఆర్పాడు. అన్నీ సర్దాక గది నేను ఇంటర్నెట్‌లో చూసిన ఫొటోల్లోని ఏ గదిలాగా లేదు. ముసలివాళ్లున్న మామూలు ఇల్లులా ఉంది.

మర్నాడు మధ్యాహ్నానికి ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చారు. ఒక కంటికి పట్టీ, ఇంకో కంటికి పాత మబ్బు. వెల్లకిలా పడుకోవాలి, కదలకూడదు. అల్లుడు గంట గంటకూ ఫోను చూసుకుంటూ మందుల వేళ లెక్కపెట్టుకుంటున్నాడు. నేను జావ తీసుకెళ్లి కిటికీ దగ్గర పెట్టాను. "బిడ్డా, ఏం తోస్తలేదు," అన్నాడు పెద్దాయన నాతో. "పేపరున్నదా? ఏదన్న చదివి వినిపియ్యమను." పేపరు కింద ఉంది, తెస్తానని నేను వెనక్కి తిరిగేలోపే అల్లుడు బల్ల మీదున్న కాగితం అందుకున్నాడు. అది నా స్వాగత లేఖ. నేను దాన్ని తీయడం మరిచిపోయాను! వద్దని రెండు చేతులూ ఊపాను. ఆయన నా వంక ఒకసారి చూసి, గొంతు సవరించుకుని, వార్తలు చదివినట్టు మొదలుపెట్టాడు.

"ప్రియమైన అతిథులకు. మీ జీవితాలలోని మధుర ఘట్టం మా ఇంట ఆరంభమవుతున్నందుకు ఆనందిస్తున్నాం. నిన్నటి దాకా మీరు వేరు వేరు. నేడు ఒక్కటి. ఈ ఏకాంతంలో ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ..."

అక్కడ ఆగాడు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను, చెంగిచెర్ల బస్సు నా కళ్ల ముందు కదలాడుతుండగా. పెద్దాయన పైకప్పు వైపు మొహం పెట్టి, "ఎట్ల జూసుకునేదయ్యా?" అన్నాడు. "ఒక కంటికి పట్టీ ఉండె, ఇంకోటి కనబడకపాయె."

ఆ మాట నాతో కాదు. అల్లుడితో.

అల్లుడికి ముందు నవ్వే వచ్చింది. పెద్దాయన పొట్ట కూడా నవ్వుతో కదలడం మొదలైంది. "నవ్వకు మామా, కదలద్దన్నడు డాక్టర్! నవ్వకు!" అంటూ ఆయన భుజాలు పట్టుకుని తనే పడిపడి నవ్వాడు. నవ్వు ఆగాక పెద్దాయన అడిగాడు. "ఆ బండి ఎందుకమ్మినవయ్యా? నాకొక్క మాట చెప్పకపోతివి."

"నువ్వు మా ఇంటికొచ్చినప్పుడల్లా అదే తీసి తిరిగెటోనివి మామా. రెండు మాట్లు గేటుకు గుద్దినవు. ఒక మాటు బడి పోరగాండ్ల మీదికే పోయినవ్. నీ కండ్లు సక్కగ కనబడ్తలేవని నాకప్పుడే తెలిసింది. చెప్తే నువ్వు ఇంటవా? నా కండ్లు మంచిగున్నయనే అంటవు. బండే లేకపోతే నడపవు గదా అని అమ్మిన."

"మరి గా ముక్క నా బిడ్డకన్న చెప్పొద్దా?"

"చెప్తే ఆమె పరేషానైతది. నా మీద కోపమైతే నీ ఒక్కనికే ఉంటదాయె."

చుక్కల మందు వేళయిందా అని అడిగాడు పెద్దాయన. వేళ కాలేదు. ఇంకా అరగంట ఉంది. అయినా అల్లుడు సీసా చేతిలో పట్టుకుని కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. నేను మెట్లు దిగాను. అక్కడ నాకిక ఉద్యోగం లేదు.

మూడో రోజు పొద్దున దవాఖానాలో పట్టీ విప్పించుకుని, సంచులు తీసుకోవడానికి వచ్చారు. పెద్దాయన నల్లద్దాలు పెట్టుకున్నాడు గాని, వద్దంటున్నా మాటిమాటికీ పైకెత్తి చూస్తున్నాడు. అత్త చీర ఆకుపచ్చదని ఆమెకే చెప్పాడు. గోడకు వేసింది నీలం సున్నమని నాకు చెప్పాడు. వరండాలోకి వచ్చాక, వంగి మామ చెప్పుల బక్కిల్ పెడుతున్న అల్లుడి తల మీద ఆయన చూపు ఆగింది.

"ఏమయ్యా, ఇదేంది? మొత్తం నెరిసింది! ఎప్పట్నుంచి?"

"నాలుగేండ్లాయె మామా," అన్నాడు అల్లుడు తలెత్తకుండానే.

పెద్దాయన ఆ తల మీద చేయి పెట్టి అలాగే కాసేపు ఉంచాడు. అత్త ఎందుకో వంటింట్లోకి వెళ్లిపోయింది.

వాళ్లు మొహాలు మాడ్చుకుని వెళ్లలేదు కాబట్టి నేను బస్సెక్కలేదు. పోచారంలో ఉద్యోగం దొరికే దాకా రెండేళ్లు ఆ పోర్షన్ నడిపాను. వచ్చే మనుషులెవరో, ఎందుకొస్తున్నారో ఫోను చేసి కనుక్కున్నాకే గదిలో చేయి పెట్టేవాణ్ని. ఆ తర్వాత అత్త దాన్ని మామూలు కిరాయికే ఇచ్చేసింది.

మొన్న అత్త పాత ఫోనులోని బొమ్మలు కొత్తదానిలోకి మారుస్తుంటే ఒక ఫొటో కనిపించింది. ఆ రోజు ఆటో ఎక్కే ముందు, కన్నొచ్చిన సంబరంలో పెద్దాయన పట్టుబట్టి దిగిన ఫొటో. మధ్యలో ఆయన, పక్కన అల్లుడు, ఆ చివర నేను. ఇస్త్రీ చొక్కా, మెడలో టై, జేబు దగ్గర కంప్యూటర్ సెంటర్‌లో నేనే ముద్రించుకున్న బ్యాడ్జి. దాని మీద 'జనరల్ మేనేజర్' అని ఉంది. (ఉన్నది నేనొక్కణ్నే. మరి జనరల్ ఎందుకో.) ఇంత జరిగాక కూడా ఆ ఫొటోలోని కుర్రాడు గడ్డం పైకెత్తి, అదంతా తన ఏర్పాటే అన్నంత ధీమాగా నిలబడి ఉన్నాడు. ఆ టై ముడి తప్పుగా పడిందని మొన్ననే చూశాను. చేయి చాపి సరిచేయాలనిపించింది.