రెండక్షరాల పాఠం

రంగూను కాలేజీలో నేను లెక్కలు చెప్పేవాణ్ణి. భార్య పురిట్లో పోతే, నెలల పిల్లని బరంపురంలో మా అక్క చేతిలో పెట్టి ఓడెక్కేశాను. మళ్ళీ సెలవు దొరికి వచ్చేసరికి పిల్లకి నాలుగేళ్ళు. ఆరు నెలల సెలవులో నేను పెట్టుకున్న పని ఒక్కటే, దానిచేత "నాన్నా" అని పిలిపించుకోవడం.

వచ్చిన రోజునే అది అక్క పిల్లల వెనకాల పరుగెత్తుకొచ్చి, వాళ్ళతో పాటు "మావయ్యా!" అంది. అక్కని అమ్మా అంటుంది. బట్టల కొట్టు నుంచి వచ్చే బావని నాన్నా అంటుంది. అలాంటప్పుడు నేను మేనమామని కాక మరేమవుతాను? లెక్కల పంతులి కూతురు, లెక్క సరిగ్గానే వేసింది.

మర్నాటి నుంచే పాఠం మొదలెట్టాను. బెల్లంముక్క చూపించి, నేను నీకేమవుతానని అడిగేవాణ్ణి.

"మావయ్యవి."

"కాదమ్మా, నాన్నని."

"నాన్న కొట్టుకాడున్నాడు" అని బెల్లం లాక్కుని తుర్రుమనేది.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. మా ఇంట్లో అది తిరగబడింది. ఎందరో మొద్దబ్బాయిలని గట్టెక్కించినవాణ్ణి, రెండక్షరాలు నేర్పలేక చెమటలు కక్కాను.

అక్క పిల్లలు పక్కన లేకపోతే మారుతుందేమోనని ఒకరోజు దాన్నొక్కదాన్నే రైల్లో ఛత్రపురం తీసుకెళ్ళాను. ఎదురు బల్లమీద ఒక ఒడియా ముసలమ్మ నన్ను చూపించి ఎవరని అడిగింది. "మామూ" అంది, నా ఒళ్ళో కూర్చునే. రెండు భాషల్లోనూ నన్ను మేనమామనే చేసింది.

కాలేజీ తెరిచే రోజులొచ్చాయి. ప్రయాణం రెండ్రోజులుందనగా పెరట్లో అక్కతో పోట్లాడాను. పిల్లకి నిజం చెప్పకుండా పెంచారేమని అడిగాను. అక్క బియ్యం చెరుగుతున్న చేట కింద పెట్టింది.

"సెప్పమంటే ఇప్పుడే సెప్తాను తమ్ముడూ. మావయ్య ఎల్లిపోతే పిల్ల ఊరుకుంటాది. నాన్న ఎల్లిపోతే ఎవులు ఊరుకోబెడతారు? నువ్వే సెప్పు, ఏటి సెయ్యమంటావు?"

వెంట తీసుకెళ్దామంటే రంగూనులో నాది హోటలు కూడు, ఒంటి గది. "వద్దులే, చెప్పకు" అన్నాను. ఆ మాట అన్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

గోపాలపూర్ రేవులో, ఓడ దాకా చేర్చే పడవెక్కుతుంటే, పిల్ల బావ భుజమ్మీంచి "మావయ్యా, బేగి రా!" అని చెయ్యూపింది. అక్క చెప్పినట్టే, ఏడవలేదు. పడవ కెరటాలు దాటేదాకా ఏడ్చింది నేనే.

కాలేజీ తెరిచిన రోజు ఉపాధ్యాయుల గదిలో నా బల్ల దుమ్ము దులుపుకుంటున్నాను. నేను లేనప్పుడు చేరిన ఒక తెలుగాయన, గోదావరి వైపు మనిషి, ఆప్యాయంగా పలకరించి పిల్లలెందరని అడిగాడు.

"మా అక్కగారింట్లో మేనకోడలొకతె ఉందండి. నాలుగేళ్ళు."

"ఎవరి పోలికండీ?"

"అచ్చం నా పోలికే" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. "మేనమామ పోలికా! అదృష్టవంతురాలండీ!"

అవునండీ అని చెప్పి, హాజరు పట్టీ తీసుకుని క్లాసుకి వెళ్ళిపోయాను.